అక్షరం సోకని పిల్లలు

చిలకలకుంటపాడు ప్రాథమిక పాఠశాలలో ఎస్తేరు టీచర్ చేసిన తప్పల్లా ఒక్కటే. పిల్లలకు చదవడం నేర్పింది. నేర్పి నోరు మూసుకుని కూర్చుంటే ఏ గొడవా లేకపోను. మండల సమావేశంలో లేచి నిలబడి, ఎలా నేర్పిందో కూడా చెప్పింది. ఇక ఊరుకుంటారా పెద్దలు!

ఆమె పద్ధతిలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని మొదలుపెట్టకుండా, ఎవరి పేరు వాళ్ళకు రాసిచ్చేది. ఆ తర్వాత వాళ్ళమ్మ పేరు, నాన్న పేరు, ఇంట్లో మేకకు పేరుంటే మేక పేరు. పేర్లు లేని మేకలకు పిల్లలు ఆదరాబాదరా పేర్లు పెట్టుకొచ్చేవారు. తన పేరులోని అక్షరం పక్కవాడి పేరులో కనబడితే చాలు, “టీచర్, నా ‘మ’ ఈడు తీసుకున్నాడు!” అని పంచాయితీలు వచ్చేవి. అలా కొట్టుకుంటూ, గిల్లుకుంటూ, దసరా సెలవుల నాటికి మూడో తరగతి మొత్తం గడగడా చదివేసేది.

ఆ సమావేశానికి ముఖ్య అతిథిగా విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య భుజంగరావు గారు వచ్చారు. విద్యాశాస్త్ర విభాగంలో పెద్దతల. ఆయన మెడలో శాలువా సర్దుకుని, ఎస్తేరును దగ్గరికి పిలిచారు.

“బాగుందమ్మా. అయితే ఇది నిరూపితమైన పద్ధతేనా?”

“పిల్లలు చదువుతున్నారు కదండీ.”

“చదవడం వేరు, నిరూపణ కావడం వేరు. చదువు పిల్లలకు సంబంధించిన విషయం. నిరూపణ విశ్వవిద్యాలయానికి సంబంధించిన విషయం” అన్నారాయన ఎంతో దయగా. “నా దగ్గర పిహెచ్.డి.లో చేరు. నీ పేరు ముందు డాక్టర్ అని చేరిందనుకో, నీ పద్ధతి తిన్నగా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కుతుంది. రాష్ట్రంలో ప్రతి మూడో తరగతి బిడ్డా చదువుతుంది. డాక్టర్ లేకుండా చెబితే నీ మాట ఈ గది గుమ్మం కూడా దాటదు.”

అదిగో, అక్కడ పడిపోయింది ఎస్తేరు. తన బళ్ళో పిల్లలే కాదు, రాష్ట్రంలో పిల్లలంతా మేకల పేర్లు రాసుకుంటూ కళ్ళ ముందు కనబడ్డారు. డాక్టర్ ఎస్తేరు అని చర్చిలో పాస్టరు గారు పిలుస్తున్నట్టు కూడా కొంచెం వినబడింది. మనిషన్నాక ఆ మాత్రం ఉండదా ఏమిటి? ప్రవేశ పరీక్ష రాసింది, సీటు వచ్చింది, భుజంగరావు గారే గైడు.

పరిశోధనకు పేరు పెట్టే దగ్గర మొదటి అడ్డంకి వచ్చింది. “పేర్లతో చదువు నేర్పడం” అని రాసుకుపోయింది పాపం. పరిశోధనా సంఘం అధ్యక్షులు, డీన్ పరాంకుశం గారు ఆ కాగితాన్ని వేలికొసలతో పట్టుకుని, “ఇది అందరికీ అర్థమైపోతోందే!” అని నివ్వెరపోయారు. సంఘం ఒక పూటంతా కూర్చుని, మధ్యలో భోజనం చేసి, మళ్ళీ కూర్చుని, “గ్రామీణ ప్రాథమిక పాఠశాలల తృతీయ తరగతి అభ్యాసకులలో నామవాచకాధారిత అక్షర సముపార్జన ప్రక్రియ యొక్క ప్రభావశీలత: ఒక ప్రయోగాత్మక అధ్యయనం” అని ఖాయం చేసింది.

“అంటే ఏమిటండీ?” అని అడిగింది ఎస్తేరు.

“నీ పద్ధతేనమ్మా. కాకపోతే ఇప్పుడు గౌరవంగా ఉంది” అన్నారు గైడుగారు.

ప్రయోగం అన్నాక రెండు సమూహాలు కావాలి. కొత్త పద్ధతిలో నేర్చుకునే పిల్లలది ప్రయోగ సమూహం. పోల్చి చూడటానికి పక్కన పెట్టే పిల్లలది నియంత్రిత సమూహం. ముందు ఒక చిన్న నమూనా ప్రయోగం చేశారు. సగంమందికి ఎస్తేరు తన పద్ధతిలో చెప్పింది. మిగతా సగానికి హెడ్మాస్టరు కోటిలింగం గారు మామూలు వాచకం తీసి పాఠం చెప్పారు. కొన్ని వారాల తర్వాత పరీక్ష పెడితే ఎస్తేరు పిల్లలు బాగా చదివారు. కోటిలింగం గారి పిల్లలు తడుముకుంటూ అయినా చదివారు.

ఆ ఫలితం చూసి సంఘం మొహం మాడిపోయింది.

“చెప్పుకోదగ్గ తేడా లేదు” అన్నారు పరాంకుశం గారు.

“అంటే అందరికీ ఎంతో కొంత వస్తోందనే కదండీ” అంది ఎస్తేరు సంతోషంగా.

“అదే కదమ్మా ప్రమాదం! అందరికీ వస్తే నీ పద్ధతి గొప్పదని ఎలా తేలుతుంది? నియంత్రిత సమూహానికి బోధన ఎవరు చేయమన్నారు?”

“బడి కదండీ. పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఏదో ఒకటి చెప్పాలి కదా.”

“కొత్త మందు పరీక్షించేటప్పుడు రెండో బోనులో ఎలుకకు కూడా పాత మందు పోస్తామా?”

“వీళ్ళు పిల్లలండీ.”

“నమూనాలు” అని సరిదిద్దారు డీన్‌గారు.

వెంటనే తీర్మానం రాశారు. నియంత్రిత సమూహంలోని నమూనాలకు పరిశోధన కాలమందు ఏ విధమైన బోధన గాని, బోధనను పోలిన చర్య గాని, బోధనకు దారితీయగల సంభాషణ గాని జరుగరాదు. దీనికి శుద్ధ నియంత్రణ అని పేరు పెట్టి, దేశంలో ఇంత శుద్ధంగా ఎవరూ నియంత్రించి ఉండరని ఒకరినొకరు అభినందించుకున్నారు.

ఎస్తేరు కాగితాలు సర్దుకుని లేచింది. మెట్లు దిగుతుంటే భుజంగరావు గారు వెనకాలే వచ్చారు. “ఒక్క విద్యా సంవత్సరం. అందులో సగం తరగతి. దానికి బదులు రాష్ట్రం మొత్తం. నువ్వే తూచి చూసుకో.”

ఆమె తూచింది. వచ్చే ఏడు ఆ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని తనే నేర్పేస్తానని మనసులో ఒప్పందం రాసుకుంది. ఇలాంటి ఒప్పందాలు మనసు ఎంత సులువుగా రాస్తుందో! సరేనంది.

కొత్త మూడో తరగతికి చీటీలు వేశారు. చీటీలకు కళ్ళు ఉండవు కాబట్టి అంకారావుకు ప్రయోగం వచ్చింది, అంకమ్మకు నియంత్రణ వచ్చింది. వాళ్ళిద్దరూ కవలలు. ఒకే కడుపు, ఒకే ఇల్లు, ఒకే దుప్పటి. బడి వరకూ చెయ్యి చెయ్యి పట్టుకునే వచ్చి, గుమ్మం దగ్గర విడిపోయారు. అన్న గదిలోకి, చెల్లెలు వరండాలోకి.

“నేనేం తప్పు చేశా టీచర్?” అంది అంకమ్మ.

“ఏం చెయ్యలేదే. చీటీలో అట్టా వచ్చింది.”

“అయితే ఇంకోసారి చీటీ తియ్యి.”

దానికి జవాబు పరిశోధనా పద్ధతుల పుస్తకంలో లేదు. ఎస్తేరు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

వరండాలో పిల్లల్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. ఆ గోడ మీద నినాదాలు, మధ్యాహ్న భోజనం వివరాలు ఉంటే సున్నం కొట్టించారు. బియ్యం బస్తాల మీద అక్షరాలుంటాయని బస్తాలు తిరగేశారు. పల్లీ చిక్కీలు పొట్లం విప్పి ఉత్త చిక్కీలే పంచారు. యూనిఫారం ఉతుక్కున్న రోజున రంగు చొక్కాలు వేసుకొచ్చే పిల్లలు, చొక్కా మీద ఏదైనా రాసుంటే, దాన్ని తిరగేసి తొడుక్కుని రావాలని ఇళ్ళకు కబురు చేశారు. అంగన్‌వాడీ ఆయా పాట పాడుతూ అటుగా పోతుంటే పాటలో పదాలున్నాయని ఆపేశారు.

ఇదంతా చూసుకోవడానికి కోటిలింగం గారిని శూన్యబోధనాధికారిగా వేశారు. బోధన జరగకుండా చూడటమే ఆయన పని. ఆ పనిలో ఆయనకు ముందునుంచీ మంచి అనుభవమే ఉంది గనుక, విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వనక్కర్లేకపోయింది. కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, అప్పుడప్పుడు ఒక కన్ను తెరిచి, “ఏమీ నేర్చుకోవడం లేదు కదా?” అని అడిగేవారు. పిల్లలు “లేదు సార్” అని ముక్తకంఠంతో అరిచేవారు. అలా అంతా సవ్యంగా సాగుతున్నదనుకున్నారు.

ఒకరోజు ఆయన ఒక కన్ను తెరిచేసరికి అంకమ్మ పుల్లతో నేలమీద ఏదో గీస్తోంది. వంగి చూశారు. దుమ్ములో అంకమ్మ అని గుండ్రంగా రాసుంది.

కోటిలింగం గారికి చెమటలు పట్టాయి. పాము కనబడినట్టు కాలితో టపటపా తుడిపేసి, గైడుగారికి ఫోన్ చేశారు. భుజంగరావు గారు కారేసుకుని వచ్చి, అంకమ్మను ఎదురుగా నిలబెట్టుకున్నారు.

“ఇది నీకు ఎక్కణ్ణుంచి సోకింది?”

“మా అంకారావు చెప్పాడు సార్. మేకల కాడ.”

“జ్ఞాన లీకేజీ!” అంటూ ఆచార్యులు కుర్చీలో కూలబడ్డారు. “ప్రయోగ సమూహం నుంచి నియంత్రిత సమూహానికి! ఎస్తేరూ, నీ దత్తాంశం కలుషితమైపోతోంది. ఈ కవలల్ని విడదీయాలి.”

ఆ సాయంత్రమే ఎస్తేరును వెంటబెట్టుకుని అంకమ్మ ఇంటికి వెళ్ళారు. తల్లి తిరపతమ్మ కూలి నుంచి అప్పుడే వచ్చి పొయ్యి రాజేస్తోంది. కుర్చీ లేకపోతే మంచం వాల్చింది. సిద్ధాంతగ్రంథం సమర్పించేదాకా ఇద్దరిలో ఒకరిని అమ్మమ్మ ఊరు పంపించమనీ, ఇంట్లో ఉన్నంతసేపూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా చూడమనీ, ఇది విద్యాభివృద్ధి కోసమనీ ఆచార్యులు వివరంగా చెప్పారు. తిరపతమ్మ అంతా వింది. పొగకు కళ్ళు తుడుచుకుని ఎస్తేరు వైపు తిరిగింది.

“అంటే ఏందమ్మా, మొగపిల్లోడికి సదువు, ఆడపిల్లకి గోడ. అంతేగా?”

“చీటీల్లో అట్టా పడింది తిరపతమ్మా.”

“మా మామ గూడా నన్ను బడి మాన్పిచ్చి ఇదే మాటన్నాడు. ఆడదానికి సదువెందుకన్నాడు. ఆయన సచ్చిందాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. మరి ఆయనకి ఎవురూ డాక్టరు ఇయ్యలేదేందమ్మా?”

ఎస్తేరుకు తల కొట్టేసినట్టయింది. భుజంగరావు గారు మాత్రం జేబులోంచి చిన్న పుస్తకం తీసి, “సాంప్రదాయిక నియంత్రణ. మంచి పరిశీలన” అని రాసుకున్నారు.

ఇద్దరిలో ఎవరినీ అమ్మమ్మ ఊరు పంపనని తల్లి ససేమిరా అంది. అందుకని బళ్ళోనే కట్టడి పెట్టారు. ప్రయోగ పిల్లలు నియంత్రిత పిల్లలతో మాట్లాడకూడదు. ఒకరు పెద్దబాట మీదుగా పోతే, రెండోవారు చేలగట్టు మీదుగా పోవాలి. మంచినీళ్ళ కుండలు కూడా వేరుచేశారు, అక్షరాలు ఎటునుంచి ఎటు పాకుతాయో ఎవరు చూడొచ్చారు?

ఇంకేముంది! అప్పటిదాకా పలక పట్టించడానికి బుజ్జగించాల్సి వచ్చిన పిల్లలకు అక్షరం మీద ఎక్కడలేని యావ పుట్టింది. చేలగట్టు పిల్లలు పెద్దబాట పిల్లల కోసం కాలవ మలుపులో కాపు కాసేవారు. ప్రయోగ పిల్లలు అరచేతుల్లో అక్షరాలు రాసుకుని, గుప్పిట మూసి తెచ్చేవారు. ఊరికే చూపించేవారా? అచ్చుకు జామకాయ ముక్క, హల్లుకు గోళీ. ఒత్తులకు బేరం ఎక్కువ. ‘క్ష’ చూపించడానికి అంకారావు ఒకడి దగ్గర బొంగరమే కొట్టేశాడు. చెల్లెలికి మాత్రం అన్నీ ఉచితమే.

బడి బయట ఇలా ఉంటే, బడి లోపల శుద్ధ నియంత్రణ ఖ్యాతి మండలమంతా పాకింది. నియంత్రిత సమూహం ఉన్నచోట పాఠం చెప్పనక్కర్లేదు, పాఠం చెప్పనక్కర్లేదు కాబట్టి శిక్షణ తరగతులకు పోనక్కర్లేదు, ఫొటోలు తీసి పైకి పంపనక్కర్లేదు. ఈ సంగతి కోటిలింగం గారు టీకొట్టు దగ్గర ఎవరికో చెప్పారు. తెల్లారేసరికి మండల విద్యాధికారి కార్యాలయం ముందు పంతుళ్ళు బారులు తీరారు.

“మా బడికి కూడా నియంత్రిత హోదా ఇప్పించాలండీ.”

“సార్, మాది ఎన్నో ఏళ్ళుగా నియంత్రితమే. గుర్తింపు మాత్రం లేదు” అని ఒక పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అధికారి కరిగిపోయారు. జిల్లాకు రాశారు. జిల్లావారు, ఇది ఖర్చులేని పథకం కావడం చేత, హర్షం వ్యక్తం చేశారు. బడి తర్వాత బడి గోడలకు సున్నం పడింది. గురుపూజోత్సవం నాడు ఉత్తమ నియంత్రిత ఉపాధ్యాయుడిగా కోటిలింగం గారిని సన్మానించారు. సన్మాన పత్రం ఆయన చదవబోతే, నిబంధన గుర్తొచ్చి, అధికారి దాన్ని తిరగేసి చేతికిచ్చారు.

ఎస్తేరు ఇదంతా చూస్తూనే ఉంది. తన పద్ధతి రాష్ట్రమంతా పాకాలని కోరుకుంది. పాకింది మాత్రం తన వరండా. మానేద్దామని రెండు మూడుసార్లు గైడు దగ్గరికి వెళ్ళింది కూడా. “ఒడ్డుకొచ్చి పడవ దిగుతానంటావేమిటమ్మా? చివరి పరీక్ష, గ్రంథం రాయడం, అంతే కదా మిగిలింది” అని ప్రతిసారీ కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి పంపారు. ఆమె తిరిగొచ్చేది. తిరిగొచ్చినందుకు తన మీద తనకే ఒళ్ళు మండేది.

అలా మండుతున్న ఒక మధ్యాహ్నం, వంటగది వెనక అంకమ్మ కనబడింది. ఎవరో పారేసిన చిక్కీ కాగితం ఒళ్ళో పరుచుకుని, వేలు పెట్టుకుని, “వే... రు... శ... న...” అంటోంది. మొహం వెలిగిపోతోంది. అలాంటి మొహం చూడటం కోసమే కదా ఎస్తేరు టీచరైంది. కాని చేతిలో గ్రంథం కాగితాలున్నాయి.

“చదవొద్దని చెప్పానా లేదా!”

ఆ అరుపు తన నోట్లోంచే వచ్చింది. అంకమ్మ బెదిరిపోయి కాగితం ఉండచుట్టి వెనక్కి దాచుకుంది. “చదవలేదు టీచర్. ఊరికే చూస్తన్నా.”  టీచరై ఉండి ఆ మాట అన్నానే అని ఎస్తేరు ఆ పూటంతా కుమిలిపోయింది.

సంవత్సరం చివర పరీక్ష పెట్టారు. ప్రయోగ పిల్లలు చక్కగా చదివారు. నియంత్రిత పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, కార్డు వైపు చూసి, రాదు అన్నారు. అందరూ రాదనే అన్నారు. ఎస్తేరు అనుమానంగా అంకమ్మ కళ్ళలోకి చూసింది. అంకమ్మ నేల చూపులు చూసింది. హమ్మయ్య అని ఒక నిట్టూర్పు విడిచి, ఆ నిట్టూర్పుకు సిగ్గుపడి, ఆ సిగ్గుతోనే ఎస్తేరు గ్రంథం ముగించింది. తేడా ఎంత పెద్దదంటే, సంఘంవారు ఆ పట్టికను ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నారు.

మౌఖిక పరీక్ష రోజు వచ్చింది. విశ్వవిద్యాలయం హాలు ముందు పెద్ద ఫ్లెక్సీ, లోపల పూలదండలు, వెనకాల వంటలు. వేరే రాష్ట్రం నుంచి బయటి పరీక్షకులు విమానంలో వచ్చారు. తెలుగువారే, తెలుగు మాట్లాడి చాలా కాలమైందట. బల్ల మీద ఎస్తేరు గ్రంథాలు బంగారు అక్షరాల అట్టలతో వరసగా ఉన్నాయి. అట్ట తెరిస్తే చిటపటమని కొత్త జిగురు చప్పుడు రావాలి. హాల్లో ఆ చప్పుడు వినబడలేదు. పరీక్షకుల వారి టీ గ్లాసు కింద ఒక ప్రతి ఉంది.

“అద్భుతమైన పరిశోధన” అన్నారు పరీక్షకులు. “ముఖ్యంగా, పొడవు సరిపోయింది.”

“ప్రశ్నలేమైనా?” అని భుజంగరావు గారు ఆత్రంగా అడిగారు.

“ప్రశ్నలకేం గాని, ఈ శుద్ధ నియంత్రణ అన్నది కళ్ళారా చూడాలని ఉంది.”

పరాంకుశం గారు అందుకే ఎదురుచూస్తున్నారు. చప్పట్లు కొట్టారు. తలుపు తెరుచుకుంది. వ్యానులో తెచ్చిన నియంత్రిత పిల్లలు, తిరగేసిన చొక్కాలతో, కోటిలింగం గారి వెనక బుద్ధిగా నడిచి వచ్చి వేదిక మీద నిలబడ్డారు. సభ కరతాళ ధ్వనులతో మారుమోగింది. ఎస్తేరుకు ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు.

పరీక్షకులు పెద్ద అక్షరాల కార్డు ఒకటి పట్టుకున్నారు. మొదటి పిల్లవాడు చూశాడు. “రాదు సార్.” చప్పట్లు. రెండో పిల్ల, “రాదు సార్.” మళ్ళీ చప్పట్లు. “ఎంత నిర్మలమైన అజ్ఞానం!” అని పరీక్షకులు పరవశించిపోయారు. అంకమ్మ వంతు వచ్చింది.

అంకమ్మ కార్డు వైపు చూసింది. ఆ చూపును సభలో ఎస్తేరు ఒక్కతే పట్టుకోగలిగింది. చదవడం రాని పిల్ల కార్డును మొత్తంగా చూస్తుంది. అంకమ్మ కళ్ళు ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిచి, చివర ఆగి, కింది వరసకు దిగి మళ్ళీ నడిచాయి. చివరికి పెదవి కొసన చిన్న నవ్వు కూడా మెరిసింది.

“రాదు సార్” అంది అంకమ్మ.

చప్పట్లు మొదలయ్యాయి. ఎస్తేరు లేచి నిలబడింది.

“అంకీ, చదువు.”

“రాదు టీచర్.”

“తిట్టనమ్మా. ఇంకెప్పుడూ తిట్టను. చదువు.”

అంకమ్మ వేదిక చివరికి వచ్చి, టీచర్ చెవిలో చెబుతున్నాననుకుని, మైకు పక్కనే నిలబడి చెప్పింది. “నేను సదివితే నీకు డాక్టరు రాదంట టీచర్. హెడ్మాస్టరు సారు చెప్పాడు. అందుకని మేమందరం రాదనే చెప్దామని అనుకున్నాం.”

 వరండాలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టిన పిల్లలు, ఎవరు కూర్చోబెట్టారో ఆమె కోసమే, వచ్చిన చదువును గొంతులో నొక్కేసుకున్నారు. ఎస్తేరుకు కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. తుడుచుకోలేదు.

“రాకపోతే మానె. నువ్వు చదువు తల్లీ.”

“మా మేక ఎర్రది. దాని పేరు గౌరి” అని గడగడా చదివేసింది అంకమ్మ. అంతే, “నాక్కూడా వచ్చు టీచర్!” “నాకు ఒత్తులు గూడా వచ్చు!” అని వేదికంతా గోల.

భుజంగరావు గారు తల పట్టుకున్నారు. పరాంకుశం గారు బల్ల గుద్దారు. “ఇది పఠనం కాదు, కంఠస్థం! కార్డు ముందే బయటికి పొక్కింది! నిజంగా చదవడం వస్తే, ఇంతవరకూ ఎవరూ చదవనిది ఏదైనా ఇచ్చి చదివించండి!”

న్యాయమైన మాటే. అందరూ చుట్టూ చూశారు. ఫ్లెక్సీ అందరూ చదివారు. ఆహ్వానపత్రం చదివారు. భోజనాల జాబితా అయితే రెండేసి సార్లు చదివారు. ఇంతవరకూ ఎవరూ చదవనిది ఆ హాల్లో ఒక్కటే ఉంది. పరీక్షకుల వారు టీ గ్లాసు పక్కకు జరిపి దాన్ని అంకమ్మ చేతికిచ్చారు.

బరువుగా ఉంది. అంకమ్మ వేదిక మీద చతికిలబడి ఒళ్ళో పెట్టుకుని మధ్యకు తెరిచింది. చిటపటమని జిగురు చప్పుడైంది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

“ని... యం... త్రి... త. నియంత్రిత సమూహంలోని... బాల... బాలికలు... ఒక్క అక్షరం కూడా... చదవ... లేక... పోయారు.”

 అంకమ్మ తలెత్తింది.

“నియంత్రిత సమూహం అంటే ఎవురు టీచర్?”

“మీరేనే.”

“మాకు ఒక్క అక్షరం గూడా రాదని రాశావా?”

“రాశాను.”

అంకమ్మ ఆ వాక్యాన్ని ఇంకోసారి, ఈసారి మనసులో, చదువుకుంది. “తప్పు రాశావు టీచర్” అంది.

ఎస్తేరు వేదిక ఎక్కింది. గైడుగారి జేబులోంచి పెన్ను తీసుకుని, అంకమ్మ పక్కన నేలమీద కూర్చుని, ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టేసింది.

“కొట్టివేతలున్న గ్రంథం చెల్లదు!” అని అరిచారు పరాంకుశం గారు. “పట్టా రాదు!”

“తెలుసండీ” అంది ఎస్తేరు.

అంకమ్మ కొట్టివేతను పరీక్షగా చూసి, సరిపోయిందన్నట్టు తలూపింది. వేలు తడిచేసుకుని తర్వాతి పేజీ తిప్పింది.